తక్కువ ధరలో కంప్యూటర్ క్యాబినెట్: కొలిచి, తెరిచి, చూసి ఎంచుకునే పద్ధతి

కంప్యూటర్‌ను సొంతంగా కూర్చుకోవాలనుకునేవారు ప్రాసెసర్ గురించి నెల రోజులు చదువుతారు, మదర్‌బోర్డు గురించి వారం రోజులు ఆలోచిస్తారు, క్యాబినెట్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం మిగిలిన రెండు మూడు వేల రూపాయలు చేతిలో పట్టుకుని ‘ఇందులో వచ్చేది ఏదైనా ఒకటి చెప్పండి’ అంటారు. ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ప్రతిసారీ విడివిడిగా జవాబు చెప్పే బదులు, మొత్తం పద్ధతిని ఒకచోట రాస్తున్నాను.

ఇక్కడ చవక అంటే ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు తగినట్టు మార్చి ఇచ్చే పవర్ సప్లై పెట్టె) లేకుండా సుమారు 1,500 నుంచి 4,000 రూపాయల మధ్య దొరికే క్యాబినెట్ అని నా ఉద్దేశం. ఫలానా మోడల్ కొనండి అని చెప్పడం లేదు. ఈ ధరలో మోడళ్ళు ఆరు నెలలకొకసారి మారిపోతుంటాయి, ఒకే డబ్బా రెండు మూడు బ్రాండ్ల పేర్లతో అమ్ముడవడం కూడా మామూలే. పేరు గుర్తుపెట్టుకుని వెళ్ళినవారికి అది దొరకకపోవచ్చు, కొలతలు రాసుకుని వెళ్ళినవారికి మాత్రం ఏదో ఒకటి తప్పక దొరుకుతుంది.

కావలసినవి

ఒక కొలత టేపు, బిస్కెట్ పెట్టె అట్టలాంటి గట్టి అట్టముక్క, పెన్ను, స్టార్ స్క్రూడ్రైవర్, టార్చి ఉన్న ఫోను, ఒక టిష్యూ కాగితం. వీటితో పాటు మీ మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ కూలర్, ఎస్ఎంపీఎస్‌ల మోడల్ పేర్లు. ఇంకా కొనకపోతే, కొనబోయేవాటి పేర్లయినా ఉండాలి. అవి కూడా తేలకపోతే క్యాబినెట్ కొనడం వాయిదా వేయండి, ఎందుకంటే చొక్కా కుట్టించాక మనిషిని వెతకడంలాంటి పని అది.

1. నాలుగు అంకెలు రాసుకోండి

మొదటిది మదర్‌బోర్డు సైజు. ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మి.మీ., మైక్రో ఏటీఎక్స్ 244 × 244 మి.మీ., మినీ ఐటీఎక్స్ 170 × 170 మి.మీ. ఉంటాయి. చవక బోర్డుల్లో ఎక్కువ భాగం మైక్రో ఏటీఎక్స్‌వే. కొన్ని చవక బోర్డుల వెడల్పు 244 కంటే బాగా తక్కువ ఉంటుంది. అవి కూడా ఇదే క్యాబినెట్‌లో కూర్చుంటాయి గానీ, ఒక అంచున స్క్రూ ఆనే చోటు లేక గాలిలో తేలుతుంటాయి. ఆ వైపు కేబుల్ గుచ్చేటప్పుడు బోర్డు కింద వేలు ఆనించి గుచ్చాలి, లేకపోతే బోర్డు వంగుతుంది.

రెండోది కూలర్ ఎత్తు. ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చే చిన్న కూలర్లు 50 మి.మీ. అటూఇటూగా ఉంటాయి కాబట్టి వాటితో పేచీ లేదు. 120 మి.మీ. ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్లు మాత్రం 150 నుంచి 160 మి.మీ. ఎత్తు ఉంటాయి. మీరు ఇప్పుడు చిన్న కూలర్‌తోనే సరిపెట్టుకుంటున్నా, వచ్చే వేసవికి టవర్ కూలర్ కొనే అవకాశం ఉంటే 160 అని రాసుకోండి.

మూడోది గ్రాఫిక్స్ కార్డు పొడవు. ఒక ఫ్యాన్ ఉన్న కార్డులు 200 మి.మీ. లోపు, మూడు ఫ్యాన్ల కార్డులు 300 మి.మీ. దాటి కూడా ఉంటాయి. తయారీదారు ఇచ్చిన కొలతకు 25 మి.మీ. కలిపి రాసుకోండి. క్యాబినెట్ ప్రకటనలో కనిపించే ‘గరిష్ఠ పొడవు’ చాలాసార్లు ముందు వైపు ఫ్యాన్ బిగించకముందు లెక్క, మామూలు ఫ్యాన్ మందమేమో 25 మి.మీ.

నాలుగోది ఎస్ఎంపీఎస్ లోతు. మామూలు ఏటీఎక్స్ ఎస్ఎంపీఎస్ వెడల్పు 150 మి.మీ., ఎత్తు 86 మి.మీ. ఉంటుంది, ఇవి మారవు. లోతు మాత్రం 140 నుంచి 180 మి.మీ. వరకు మారుతుంది, పైగా దాని వెనకాల కేబుళ్ళు మడత తిరగడానికి మరో 40, 50 మి.మీ. కావాలి.

గ్రాఫిక్స్ కార్డు లేనివారికి మూడో అంకె అక్కర్లేదు. వారికి ఈ వ్యాసంలో సగం భయాలు కూడా అక్కర్లేదు.

2. అట్టముక్క నమూనా తయారుచేసుకోండి

ఇది చూసి దుకాణదారు నవ్వవచ్చు, నవ్వనివ్వండి. అట్టను మీ కార్డు పొడవుకు, దానికి కలిపిన 25 మి.మీ.తో సహా, ఒక పట్టీగా కత్తిరించండి. అదే పట్టీ మీద కూలర్ ఎత్తు దగ్గర ఒక గీత, ఎస్ఎంపీఎస్ లోతు దగ్గర మరొక గీత గీయండి. క్యాబినెట్ పక్క తలుపు తీసి, వెనుక భాగంలో కార్డు బిగించే స్లాటు దగ్గర పట్టీ కొస ఆనించి ముందుకు చాపితే, కార్డు పడుతుందో లేదో క్షణంలో తెలిసిపోతుంది. పట్టీ కొస హార్డ్ డిస్క్ పెట్టే గూటికి తగిలితే ఆ గూడు ఊడి వస్తుందా, లేక రివెట్లతో బిగించి ఉందా అన్నది అక్కడే చూడండి. మరలతో ఉంటే తీసేయవచ్చు, రివెట్లు కొట్టి ఉంటే ఆ డబ్బా పక్కన పెట్టేయవచ్చు.

కూలర్ ఎత్తుకు టేపు పట్టడం కష్టమనిపిస్తే ఒక మోటు లెక్క ఉంది. క్యాబినెట్ మొత్తం వెడల్పులోంచి 50 మి.మీ. తీసేయండి, మిగిలినది దాదాపుగా కూలర్‌కు దొరికే ఎత్తు. 210 మి.మీ. వెడల్పు ఉన్న డబ్బాలో 160 మి.మీ. కూలర్ పడుతుంది, 185 మి.మీ. సన్న డబ్బాలో పట్టదు. ఈ లెక్క కొన్న తర్వాత కాదు, కొనకముందు తప్పుల్ని పట్టుకోవడానికి మాత్రమే. చివరి మాట తయారీదారు ఇచ్చిన కొలతదే.

3. ముందు భాగం చూడండి, అన్నిటికంటే ఎక్కువసేపు ఇక్కడే నిలబడండి

తక్కువ ధర క్యాబినెట్లలో మంచిదానికీ చెడ్డదానికీ తేడా నూటికి తొంభై వంతులు దాని ముఖంలోనే ఉంటుంది. మెషిన్ లోపల పుట్టే వేడి వెనకనుంచి పోవాలంటే ముందునుంచి చల్లగాలి రావాలి. ముందు భాగమంతా నల్లటి గాజుపలకో, అద్దంలా మెరిసే ప్లాస్టిక్కో పెట్టి, దాని వెనుక మూడు రంగుల ఫ్యాన్లు బిగించి అమ్మే డబ్బాలు ఈ ధరలో కోకొల్లలు. ఆ ఫ్యాన్లు తిరుగుతాయి, వెలుగుతాయి, కానీ పీల్చడానికి వాటికి గాలి ఉండదు. పక్కన వేలు దూరనంత సన్నటి చీలిక ఒకటి వదిలి దాన్నే గాలిదారి అంటారు.

ఒక మే నెలలో గుంటూరులో మా బంధువుల అబ్బాయి మెషిన్ ఆట మధ్యలో నెమ్మదించిపోతోందని పిలిస్తే వెళ్ళాను. ఎవరో చెప్పగా ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే పేస్టును రెండుసార్లు మార్చారట. నేను చేసింది ఒక్కటే, ముందు గాజు ప్యానెల్ కింద నాలుగు వేళ్ళు పెట్టి లాగి, ఊడదీసి మంచం మీద పెట్టాను. పది నిమిషాల్లో ప్రాసెసర్ వేడి 11 డిగ్రీలు దిగింది. గది వేడి మారలేదు, ఫ్యాన్లు మారలేదు. ఆ అబ్బాయి ఆ గాజుకు, దాని లైట్లకు వెయ్యి రూపాయలు అదనంగా పెట్టి కొన్నాడు.

కాబట్టి ముందు భాగం నిండా సన్నటి చిల్లుల జాలీ ఉన్న క్యాబినెట్‌నే ఎంచుకోండి. ఫోను టార్చి వెలిగించి లోపలి వైపు నుంచి ముఖం మీదకు పట్టండి. వెలుతురు అంతటా బయటకు కనిపిస్తే గాలి కూడా వస్తుంది. కొన్నింటికి బయట జాలీ, దాని వెనుక ప్లాస్టిక్ పలక, ఆ వెనుక మళ్ళీ చిన్న చిల్లులు ఉంటాయి. ఇవి పేరుకే జాలీ, టార్చి పరీక్షలో వీటి గుట్టు బయటపడుతుంది.

గాజు ముఖమే కావాలని మనసు పడితే, గాజుకూ రేకుకూ మధ్య కనీసం 20 మి.మీ. సందు, రెండు పక్కలా తెరిచిన దారి ఉన్నదాన్ని వెతకండి. ఈ ధరలో అటువంటివి అరుదు.

జాలీ పెడితే దుమ్ము రాదా అంటే వస్తుంది. మూసి ఉన్న డబ్బాలోకి కూడా వస్తుంది, వెనుక చిల్లుల్లోంచి. జాలీ వెనుక తీసి కడుక్కునే ఫిల్టర్ ఉంటే మంచిది. లేకపోతే కిటికీలకు కొట్టే నైలాన్ దోమల జాలీ ముక్కను కత్తిరించి ముఖం లోపలి వైపు అంటించండి. ఇనుప జాలీ వద్దు, దాని తీగ ముక్క ఊడి బోర్డు మీద పడితే షార్టవుతుంది. నెలకొకసారి దాన్ని తీసి దులపాలి. దులపనివారికి ఫిల్టర్ ఉండటం కంటే లేకపోవడమే మేలు.

4. ‘ఎస్ఎంపీఎస్‌తో కలిపి’ అన్న బేరానికి లొంగకండి

డబ్బాతో పాటు ఉచితంగా, లేదా ఏడెనిమిది వందలకే వచ్చే ఎస్ఎంపీఎస్ మీద ‘450 వాట్లు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ అక్షరాలను వదిలేసి, పక్కన అతికించిన పట్టికలో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ దాదాపుగా ఆ లైను మీదే బతుకుతాయి. అక్కడ 14 ఆంపియర్లు అని ఉంటే 12 × 14 = 168 వాట్లు, అంతే దాని అసలు సత్తువ. మిగిలిన అంకె పెట్టె అలంకారం.

గ్రాఫిక్స్ కార్డు లేని, టైపింగుకు, బిల్లింగుకు వాడే మెషిన్‌కు ఇది నడిచిపోతుందని చాలామంది అంటారు. నడుస్తుంది కూడా. అయినా నేను సిఫారసు చేయను, ఎందుకంటే మన ఊళ్ళలో కరెంటు ఎగుడుదిగుడుల్లో పాడయ్యే ఎస్ఎంపీఎస్ ఒక్కోసారి తనతో పాటు బోర్డును కూడా తీసుకుపోతుంది. ఖాళీ డబ్బాను చవకగా కొని, మిగిలిన డబ్బుతో 80 ప్లస్ ముద్ర (కరెంటు వృథా తక్కువని తెలిపే గుర్తింపు), కనీసం మూడేళ్ళ వారంటీ ఉన్న ఎస్ఎంపీఎస్ విడిగా కొనండి. బేరం కుదరక కలిపే కొనవలసి వస్తే, ‘డబ్బా విడిగా ఎంత?’ అని ఒకసారి అడిగి చూడండి, ధర ఎలా విడిపోతుందో తెలుస్తుంది.

ఎస్ఎంపీఎస్ పైన బిగించేదా, కింద బిగించేదా అన్నది కూడా ఇక్కడే చూడాలి. కింద బిగించేదయితే అడుగున గాలి చిల్లులు, వాటికి ఫిల్టర్, 15 మి.మీ.కు తగ్గని కాళ్ళు ఉండాలి. ఇటువంటి డబ్బాలో ప్రాసెసర్‌కు వెళ్ళే ఎనిమిది పిన్నుల కేబుల్ అడుగు నుంచి పై మూల వరకు, బోర్డు వెనుకగా చుట్టి రావాలి. చవక ఎస్ఎంపీఎస్‌లలో ఆ కేబుల్ 40 సెం.మీ. మించదు, అది అందక గ్రాఫిక్స్ కార్డు మీదుగా అడ్డంగా లాగినవాళ్ళను చూశాను. కనీసం 55 సెం.మీ. ఉన్నదే తీసుకోండి.

5. రేకును చేత్తో చూడండి

ఖరీదైన డబ్బాల్లో రేకు 0.7, 0.8 మి.మీ. మందం ఉంటుంది, చవకవాటిలో 0.4, 0.5 ఉంటుంది. 0.5 ఉంటే చాలు, దాన్ని నేరంగా చూడనక్కర్లేదు. చూడవలసింది బిగువు. కుడి పక్క తలుపు మధ్యలో బొటనవేలితో నొక్కండి. కొద్దిగా లోపలికి పోయి తిరిగి వస్తే ఫర్వాలేదు, నూనె డబ్బా మూతలా ‘టప్’మని శబ్దం చేస్తే హార్డ్ డిస్క్ తిరిగినప్పుడల్లా అది గొణుగుతూనే ఉంటుంది.

తలుపు తీసి, డబ్బాను చదునైన టేబుల్ మీద పెట్టి ఎదురెదురు మూలలు నొక్కి చూడండి. కుంటి పీటలా ఊగితే చట్రం మెలితిరిగి ఉందన్నమాట. అందులో బోర్డు రంధ్రాలు ఒకదానికి ఒకటి కుదరవు, స్లాటులో కార్డు వంకరగా కూర్చుంటుంది. ఇక లోపలి అంచులు. వాటిని మడిచారా, కోసిన కత్తి అంచునే వదిలేశారా అన్నది వేలు రాసి కాదు, కాగితం అంచు రాసి చూడండి. కాగితం చీలితే రేపు మీ చెయ్యి కూడా చీలుతుంది.

వెనుక వైపు కార్డు స్లాట్ల మూతలు రెండు రకాలు. మరతో బిగించినవి తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు, రేకులోంచే సగం కోసి వదిలినవి ఒకసారి విరిస్తే అంతే. విరిచే రకం ఉంటే ఎన్ని అవసరమో అన్నే విరవండి. ఇది అందం కోసం చెప్పే మాట కాదు. మన ఇళ్ళలో ఆ సందు బల్లికి సరిపోతుంది. రాత్రి వెచ్చదనం కోసం దూరిన బల్లి ఎస్ఎంపీఎస్‌లోనో, బోర్డు పిన్నుల మధ్యనో పడి చచ్చి, మెషిన్ కాలిపోయిన సందర్భాలు రిపేరు పని చేసేవాళ్ళందరికీ తెలుసు. చీమలైతే చెప్పనక్కర్లేదు.

విశాఖపట్నం, కాకినాడలాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఉండేవారు ఇంకొక విషయం చూడాలి. లోపలి భాగానికి కూడా నల్ల రంగు వేసినదాన్ని తీసుకోవడం మేలు, రంగు లేని చోట కోసిన అంచుల దగ్గర ముందుగా తుప్పు మొదలవుతుంది.

6. బోర్డు వెనుక చోటు

బోర్డు బిగించే పలకకూ కుడి తలుపుకూ మధ్య 15 మి.మీ. కంటే తక్కువ ఉంటే కేబుళ్ళు అక్కడ దాచలేరు, తలుపు ఉబ్బిపోతుంది. 20 ఉంటే హాయి. పలకలో ప్రాసెసర్ వెనుక పెద్ద కిటికీలా కోసి ఉందా అని కూడా చూడండి. అది ఉంటే రేపు కూలర్ మార్చడానికి బోర్డు మొత్తం ఊడదీయనక్కర్లేదు.

7. ముందు పోర్టులు

ముందున్న నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టు పని చేయాలంటే మీ బోర్డు మీద 19 పిన్నుల సాకెట్ ఉండాలి. పాత బోర్డులో 9 పిన్నుల యూఎస్‌బీ 2.0 సాకెట్ మాత్రమే ఉంటే, ముందు పోర్టు దిష్టిబొమ్మ అవుతుంది. ముందు టైప్ సి పోర్టుకు మరో ప్రత్యేకమైన సాకెట్ కావాలి, అది చవక బోర్డుల మీద తరచుగా ఉండదు. అందుచేత బోర్డు మాన్యువల్‌లో బొమ్మ చూసుకున్నాకే పోర్టుల కోసం డబ్బు పెట్టండి. డీవీడీ డ్రైవ్ కావలసినవారు ముందుగానే చెప్పి అడగాలి, ఇప్పటి డబ్బాల్లో దానికి గూడే ఉండటం లేదు.

8. ఫ్యాన్లు, వాటి తీగలు

ఆఫీసు పనికి వెనుక ఒక్క 120 మి.మీ. ఫ్యాన్ సరిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు ఉంటే ముందు రెండు, వెనుక ఒకటి. నాలుగో ఫ్యాన్ నుంచి వచ్చే లాభం చాలా తక్కువ.

ఉచితంగా వచ్చే ఫ్యాన్ల తీగ కొస చూడండి. నాలుగు పెద్ద రంధ్రాల తెల్లటి మోలెక్స్ కనెక్టర్ ఒక్కటే ఉంటే ఆ ఫ్యాన్ నేరుగా ఎస్ఎంపీఎస్ నుంచి 12 వోల్టులు తీసుకుని ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది, దాని చప్పుడును తగ్గించే దారి ఉండదు. చిన్న మూడు లేదా నాలుగు పిన్నుల కొస ఉంటే మదర్‌బోర్డుకు కలిపి, వేడిని బట్టి వేగం తగ్గించుకోవచ్చు. రంగుల ఫ్యాన్లు నాలుగు ఉన్న డబ్బా కంటే, ఒకే ఫ్యాన్ ఉన్న మంచి జాలీ డబ్బా కొని, మరో రెండు నల్ల ఫ్యాన్లు విడిగా వేసుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

హెచ్చరిక: లైట్ల తీగల్లో రెండు జాతులున్నాయి. మూడు పిన్నులది 5 వోల్టులది, నాలుగు పిన్నులది 12 వోల్టులది. 5 వోల్టుల తీగను బలవంతంగా 12 వోల్టుల సాకెట్‌లో గుచ్చితే లైట్లు కాలిపోతాయి. కుదరకపోతే కలపకుండా వదిలేయండి, లైట్లు లేకపోయినా గాలి వస్తుంది.

9. ఎక్కడ కొనాలి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డులాంటి చోట్లకు వెళ్ళగలిగినవారు వెళ్ళడమే మంచిది. పైన చెప్పిన వేలి పరీక్ష, టార్చి పరీక్ష, అట్టముక్క పరీక్ష ఫోను తెర మీద జరిగేవి కావు. నమూనాకు పెట్టినది చూసి, బిల్లు వేసేటప్పుడు వేరే పెట్టె ఇస్తే ఆ పెట్టెనే విప్పించి చూడండి. జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి.

ఆన్‌లైన్‌లో కొనేవారు పెట్టె విప్పడం మొదటి నుంచి చివరి వరకు వీడియో తీయాలి. గాజు తలుపు ఉన్నదయితే దాన్ని తప్పకుండా తీయాలి, ఎందుకంటే ప్రయాణంలో మొదట పగిలేది అదే. గాజుకు బదులు అక్రిలిక్ (పారదర్శక ప్లాస్టిక్) తలుపు ఉంటే అంత సులభంగా పగలదు, కానీ పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి.

ప్రత్యామ్నాయం: ఇంట్లో, లేదా పాత సామాను కొట్లో దొరికే పాత ఏటీఎక్స్ డబ్బా. ఏటీఎక్స్ కొలతలను ఇంటెల్ 1995లో ప్రకటించింది, బోర్డు బిగించే రంధ్రాల స్థానాలు ఇప్పటికీ అవే. ఇరవై ఏళ్ళ నాటి డబ్బా రేకు ఇప్పటి చవక డబ్బా కంటే మందంగా ఉండటం నేను చాలాసార్లు చూశాను. దాని లోపం గాలిదారే. ముందున్న డీవీడీ గూళ్ళ మూతలు పీకేసి దోమల జాలీ పెట్టుకుంటే ఆఫీసు పనికి బాగా సరిపోతుంది. అయితే బ్రాండెడ్ కంపెనీలు తమ సొంత బోర్డు కోసం చేసిన డబ్బాల జోలికి పోవద్దు. వాటిలో కొన్నింటికి వెనుక పోర్టుల కిటికీ, పవర్ బటన్ తీగ, ఎస్ఎంపీఎస్ ఆకారం కూడా వేరుగా ఉంటాయి.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ప్రమాదకరమైనది అదనపు స్టాండాఫ్. బోర్డు కింద నిలబెట్టే ఇత్తడి మేకుల్ని డబ్బాలో ఏటీఎక్స్‌కు తగినట్టు ముందే బిగించి ఉంచుతారు. మీ బోర్డు చిన్నదయితే, రంధ్రం లేని చోట నిలబడిన మేకు బోర్డు వెనుక టంకాలకు తగిలి షార్టవుతుంది. బోర్డును పట్టి చూసి, రంధ్రానికి ఎదురుగా లేని ప్రతి మేకునూ తీసేయండి.

రెండోది మరల గందరగోళం. డబ్బాతో వచ్చే పొట్లంలో లావు మర ఉన్నవి, సన్న మర ఉన్నవి కలిసి ఉంటాయి. లావువి ఎస్ఎంపీఎస్‌కు, పెద్ద హార్డ్ డిస్క్‌కు, తలుపులకు. సన్నవి ఎస్ఎస్‌డీకి, డీవీడీ డ్రైవ్‌కు. బోర్డు మేకులు డబ్బాను బట్టి రెండు రకాల్లోనూ వస్తాయి. మొదటి రెండు చుట్లు స్క్రూడ్రైవర్ లేకుండా వేళ్ళతో తిరగకపోతే అది ఆ రంధ్రానిది కాదు. చవక రేకులో మర ఒకసారి అరిగితే తిరిగి రాదు.

ఫ్యాన్ తిరగేసి బిగించడం మూడోది. ఫ్యాన్ వెనుక ప్లాస్టిక్ కాళ్ళు అడ్డంగా ఉన్న వైపు నుంచి గాలి బయటకు వస్తుంది. ముందు ఫ్యాన్ల కాళ్ళు లోపలికి, వెనుక ఫ్యాన్ కాళ్ళు వెలుపలికి చూడాలి. ముందు, వెనుక రెండూ బయటకే ఊదుతున్న మెషిన్లు నేను ఒకటి రెండు కాదు, చాలా చూశాను.

పవర్, రీసెట్ బటన్ల తీగలు ఎటు తిప్పి పెట్టినా పని చేస్తాయి, ప్లస్ మైనస్ చూడవలసింది లైట్ల తీగలకే. కొన్ని చవక డబ్బాల్లో రీసెట్ బటన్‌ను లైట్ల రంగు మార్చడానికి వాడుకుంటారు, కాబట్టి రీసెట్ తీగ కనబడలేదని కంగారు పడకండి. 19 పిన్నుల యూఎస్‌బీ కొసను మాత్రం గాడి చూసి, నిలువుగా, మెల్లగా దించండి. ఒక పిన్ను వంగితే సరిచేయడం కష్టం.

బిగించాక ఇలా సరిచూసుకోండి

మొదట గాలి. టిష్యూ కాగితాన్ని రెండు వేళ్ళతో ముందు జాలీ దగ్గర పట్టుకోండి, అది జాలీకి అతుక్కోవాలి. వెనుక పట్టుకుంటే బయటకు ఎగరాలి. ముందు అతుక్కోకపోతే ఫ్యాన్ తిరగబడి ఉంది, లేదా గాలిదారి మూసుకుంది.

తర్వాత వేడి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము తెరిచి, అన్ని తలుపులూ మూసి, మీరు రోజూ ఆడే ఆటనో, చేసే బరువైన పనినో అరగంట నడపండి, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు చేరిన గరిష్ఠ వేడిని రాసుకోండి. వెంటనే ముందు ప్యానెల్ ఊడదీసి, అదే పని మరో అరగంట నడపండి. తేడా రెండు మూడు డిగ్రీలే అయితే డబ్బా మంచిది. ఎనిమిది, పది డిగ్రీలు ఉంటే ముందు ముఖం ఊపిరి ఆడనివ్వడం లేదు, వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే ఇచ్చేయండి. రెండు పరీక్షలూ ఒకే గదిలో, ఒకే పూట చేయాలి, మధ్యలో ఏసీ వేస్తే లెక్క తప్పుతుంది. చాలా ప్రాసెసర్లు 95 నుంచి 100 డిగ్రీల మధ్య తమంతట తాము వేగం తగ్గించుకుంటాయి. మీ పరీక్ష జనవరిలో చేస్తే, మే నెల కోసం కనీసం 15 డిగ్రీల వెసులుబాటు మిగిలి ఉందో లేదో చూసుకోండి.

ఇక ఎర్తింగ్. ‘క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది, డబ్బా చెడ్డదా?’ అన్నది నాకు తరచుగా వచ్చే ఇంకొక ప్రశ్న. డబ్బా తప్పు కాదు. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల మీదుగా కొద్దిపాటి కరెంటు రేకులోకి వస్తుంది, ఎర్త్ తీగ దాన్ని భూమిలోకి తీసుకుపోవాలి. గోడ సాకెట్‌లో ఎర్త్ లేకపోతే ఆ కరెంటు మీ చేతి గుండా పోతుంది. రంగు లేని ఒక స్క్రూ మీద టెస్టర్ పెట్టి చూడండి, వెలిగితే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌తో వాడటం, ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలపడం రెండూ చేయకూడని పనులు.

చివరగా చప్పుడు. రాత్రి ఫ్యాను ఆపిన గదిలో మెషిన్ వేసి, ఒక్కొక్క తలుపు మీద అరచెయ్యి ఆనించండి. చెయ్యి పెట్టగానే ఆగిపోయిన గొణుగుడు ఆ తలుపుదే, దాని అంచు లోపల సన్నటి ఫోమ్ టేపు ముక్క అంటిస్తే సరిపోతుంది. చెయ్యి పెట్టినా ఆగకపోతే అది ఫ్యాన్‌దో, హార్డ్ డిస్క్‌దో అయి ఉంటుంది.

మిగిలిన మరలను, తీసేసిన ఇత్తడి మేకులను చిన్న కవరులో వేసి డబ్బా అడుగు భాగంలో టేపుతో అంటించండి. థర్మాకోల్‌తో సహా పెట్టెను వెనక్కి ఇచ్చే గడువు ముగిసేవరకు అటక మీద ఉంచండి.